ఆ నూనెలో ఇంకేం వేగింది?

సీలియాక్ అనే పేగు జబ్బు వల్ల గోధుమ మానేయాల్సిన పిల్లల గురించి, డాలస్ శివారులో తెలుగు తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక పిల్లల డైటీషియన్ చేసిన ప్రసంగం ఇది. సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని చివర ఉన్నాయి.

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, మీ ఇంట్లో ఎవరో ఒకరికి గోధుమ మానేయమని డాక్టర్ చెప్పి ఉంటారు. పిల్లల్ని పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లు టెన్షన్ పడకండి. అక్కడ పెట్టిన చిరుతిళ్ల ప్యాకెట్లన్నీ నేను వెనక్కి తిప్పి చదివాకే బల్ల మీదకు వచ్చాయి.

"ఈ పిల్లల్ని ఫాస్ట్ ఫుడ్‌కి తీసుకెళ్లొచ్చా?" అని అడిగితే నా వృత్తిలో చాలామంది "వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ సలహా ఎవరూ పాటించరని వాళ్లకూ తెలుసు. సాకర్ ప్రాక్టీసు అయ్యాక టీమంతా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆస్టిన్ వెళ్లే దారిలో చీకటి పడేసరికి వెనక సీట్లో ఆకలి గోల మొదలవుతుంది. ఎప్పుడూ డబ్బాలో అన్నం పట్టుకుని పక్కన కూర్చునే పిల్లవాడు పదేళ్లు వచ్చేసరికి టీముతో వెళ్లడమే మానేస్తాడు. కాబట్టి తీసుకెళ్లండి. కానీ మెనూ చూసి కాదు, వంటగది చూసి నిర్ణయించుకోండి.

సీలియాక్ గురించి మీ డాక్టర్లు చెప్పే ఉంటారు కనుక క్లుప్తంగా అంటాను. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది పేగులోకి వెళ్తే ఈ పిల్లల రోగనిరోధక వ్యవస్థ తన చిన్నపేగు మీద తానే దాడి చేస్తుంది. ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. ఎత్తు పెరగరు, రక్తహీనత వస్తుంది, కొందరికి కడుపునొప్పి, విరేచనాలు. ఇది గోధుమ అలర్జీ కాదు. అలర్జీ ఉన్నవాళ్లకు ఎపిపెన్, అంటే అలర్జీ ముదిరితే వెంటనే పొడిచే ఇంజెక్షన్, కావాలి, కానీ చాలామంది బార్లీ తినగలరు. సీలియాక్ పిల్లలకు ఎపిపెన్ అక్కర్లేదు, బార్లీ మాత్రం కుదరదు.

"మనవాళ్లకు ఈ జబ్బు ఎక్కడిదండీ, మా తాతల కాలంలో ఎవరైనా విన్నారా?" అని అడుగుతుంటారు. 2016లో భారతదేశంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. ఉత్తరాదిలో నూటికి ఒకరి కంటే కాస్త ఎక్కువమంది రక్తంలో, దక్షిణాదిలో వెయ్యికి ఒకరి రక్తంలో సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉన్నట్టు అందులో తేలింది. దీనికి దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు అంతే మందిలో ఉన్నాయి. తేడా ఎక్కువగా కంచంలో ఉంది. మన తాతలు మూడు పూటలా అన్నం తిన్నారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు పొద్దున సీరియల్, మధ్యాహ్నం శాండ్‌విచ్, రాత్రి పాస్తా తింటున్నారు. జన్యువు మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది, గోధుమ ఇక్కడ ఎదురైంది.

ఇప్పుడు అసలు లెక్క. ఒక బ్రెడ్ స్లైసులో రెండు గ్రాములకు పైగా గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవారికి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎక్కువమందికి నష్టం ఉండదని, 50 మిల్లీగ్రాములు రోజూ పడితే పేగు దెబ్బతింటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఆ స్లైసును రెండు వందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క మీ పిల్లవాడి రోజంతటి హద్దు. బర్గర్ నుంచి బన్ తీసేసి లోపలిది పెడితే సరిపోతుందా అని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు. బన్ తీశాక అంటుకుని ఉండే పొడే ఆ హద్దును దాటించగలదు.

ఇది అమ్మమ్మలకు, నాయనమ్మలకు అర్థం కాదని మీరు వాపోతుంటారు. నాకైతే వాళ్లకు చెప్పడమే తేలిక. ఎంగిలి గరిటె మళ్లీ గిన్నెలో పెట్టనివ్వని మనిషికి, రొట్టె తగిలిన చెయ్యి ఈ పిల్లవాడి కంచానికి తగలకూడదంటే వివరించాల్సిన పనేముంది? కౌంటర్ వెనకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి చెప్పడం కష్టం.

ఇక నూనె సంగతి. బంగాళాదుంపలో గ్లూటెన్ లేదు, అందుకే ఫ్రెంచ్ ఫ్రైస్ పర్వాలేదనుకుంటారు. చాలా రెస్టారెంట్లలో అదే ఫ్రైయర్‌లో మైదా పూత పూసిన చికెన్ నగ్గెట్స్, ఆనియన్ రింగ్స్ వేయిస్తారు. వేడికి గ్లూటెన్ చచ్చిపోతుందని కొందరి నమ్మకం. అది సూక్ష్మజీవి కాదు, చావడానికి. 2021లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో ఇలాంటి ఫ్రైయర్లున్న పది రెస్టారెంట్ల నుంచి ఇరవై ఫ్రైస్ ఆర్డర్లు తెచ్చి పరీక్ష చేశారు. తొమ్మిదింటిలో గ్లూటెన్ దొరికింది. నాలుగింట ఒక వంతు ఆర్డర్లు, గ్లూటెన్ ఫ్రీ అనడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన హద్దును దాటాయి. ఆ హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 2013లో నిర్ణయించింది, భారతదేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంకె కూడా అంతే. ఒకే ఫ్రైయర్ నుంచి ఒకరోజు శుభ్రమైన ఫ్రైస్ రావచ్చు, మర్నాడు రాకపోవచ్చు. అందుకే "మేం ఎప్పుడూ అక్కడే తింటాం, ఏమీ కాలేదు" అన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోను. పైగా చాలామంది పిల్లల్లో గ్లూటెన్ తగిలినా బయటికి ఏమీ కనిపించదు. కొన్ని నెలల తర్వాత రక్తపరీక్షలో అంకె పెరిగితే అప్పుడు తెలుస్తుంది.

మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ గురించి అడగడానికి మీరు ఎదురుచూస్తున్నారని తెలుసు. (నవ్వులు) మీలో శాకాహారులకు ఆ కథ సగం తెలుసు. 1990లో ఆ కంపెనీ ఇకపై శాకాహార నూనెలో వేయిస్తామని ప్రకటించింది. ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ కలుస్తోందని తెలిసి 2001లో సియాటెల్‌లో హిందువుల తరఫున కేసు పడింది. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. మిగతా సగం కథ 2006లో బయటపడింది. ఆ బీఫ్ ఫ్లేవర్ తయారీకి గోధుమ, పాలు కూడా వాడతారని అప్పుడు వెల్లడించారు. అమెరికాలో ఆ పదార్థాల జాబితాలో గోధుమ ఇప్పటికీ ఉంది. చివరికి ఫ్రైస్‌లో గ్లూటెన్ మిగులుతుందా, మిగలదా అన్న వాదన వేరే. ఆ వాదన తేల్చడానికి నేను పిల్లల్ని వాడుకోను. విచిత్రమేమిటంటే బ్రిటన్‌లో అదే కంపెనీ ఫ్రైస్‌లో గోధుమ లేదు. స్పెయిన్‌లో, ఇటలీలో అయితే గ్లూటెన్ ఫ్రీ బర్గరే ఇస్తారు. అందుకని సెలవుల్లో వేరే దేశం వెళ్తే బోర్డు అదే కదా అని ఇక్కడి అలవాటుతో ఆర్డర్ ఇవ్వకండి. ఆ దేశం వెబ్‌సైట్ తెరిచి చదవండి.

మరి ఎక్కడికి వెళ్లాలి? మెనూ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇన్-ఎన్-అవుట్‌లో గోధుమ ఉండేది బన్‌లోనే. బన్ బదులు లెట్యూస్ ఆకులో చుట్టి ఇమ్మంటే ఇస్తారు, దాన్ని వాళ్ల భాషలో ప్రోటీన్ స్టైల్ అంటారు. ఫ్రైయర్‌లో ఫ్రైస్ తప్ప ఇంకేమీ వేయించరు. ఫైవ్ గైస్‌లోనూ ఫ్రైయర్ ఫ్రైస్‌కే పరిమితం. కాకపోతే వేయించేది వేరుశనగ నూనెలో, ఆ అలర్జీ ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి. అక్కడ మిల్క్‌షేక్‌లో మాల్ట్ వేయించుకోకండి. మాల్ట్ అంటే బార్లీ. మన ఇళ్లలో హార్లిక్స్ కూడా అదే కోవలోకి వస్తుంది, గోధుమ, బార్లీ రెండూ ఉన్నాయి అందులో. ఇక్కడి ప్యాకెట్ల మీద "గోధుమ ఉంది" అని ప్రత్యేకంగా రాయాలన్న చట్టం ఉంది కానీ బార్లీకి లేదు. కాబట్టి అలర్జీ గడిలో గోధుమ కనిపించలేదని ఆగిపోకుండా పదార్థాల జాబితాలో మాల్ట్ అన్న మాట కోసం వెతకాలి.

చికెన్ తినే ఇళ్లలో చిక్-ఫిల్-ఎ ఇష్టం ఎక్కువ. అక్కడ గ్రిల్డ్ నగ్గెట్స్‌లో గోధుమ లేదు, మామూలు నగ్గెట్స్‌లో ఉంది. రెండూ పిల్లల భోజనంలో ఉంటాయి కనుక ఆర్డర్ చెప్పేటప్పుడు "గ్రిల్డ్" అన్న మాట ఒత్తి పలకండి, డబ్బా తెరిచి చూసుకోండి. గ్లూటెన్ ఫ్రీ బన్ విడిగా సీలు వేసి ఇస్తారు, శాండ్‌విచ్ మనమే పేర్చుకోవాలి. ఇదేం మర్యాద అని ఒకాయన నాతో విసుక్కున్నారు. అంతకంటే మర్యాద ఏముంటుందండీ? మా వంటగదిలో మైదా ఎగురుతోంది, ఈ బన్ను మేం ముట్టుకోం, మీరే విప్పుకోండి అని నిజం చెబుతున్నారు.

శాకాహారులకు నా మొదటి సలహా మెక్సికన్ తిండి దొరికే చిపోట్లే. అక్కడ టోర్టియాలనే గోధుమ పిండి రొట్టెలు పక్కనపెడితే బీన్స్, అన్నం, కూరగాయలు, సల్సా, అన్నిటిలోనూ గ్లూటెన్ లేదు. రొట్టెలో చుట్టకుండా గిన్నెలో ఇచ్చే బౌల్ తీసుకోండి. చిక్కు చేతులతో వస్తుంది. బరీటో చుట్టిన గ్లవ్స్‌తోనే చీజ్ గుప్పెట్లోకి తీస్తారు. అప్పుడు ఆ చీజ్ డబ్బాలోకీ పొడి రాలుతుంది. గ్లవ్స్ మార్చమని అడగండి. ముందున్న డబ్బాలోంచి కాకుండా లోపలి నుంచి కొత్త చీజ్ తెమ్మని కూడా అడగండి. రద్దీ లేనప్పుడు కాదనరు. వెండీస్‌లో బేక్డ్ పొటాటో ఉంది, తొక్కతో సహా ఓవెన్‌లో కాల్చింది. ఎవరూ పట్టించుకోరు గానీ దారి ప్రయాణంలో శాకాహార పిల్లవాడి కడుపు నింపడానికి అంత సులువైనది ఇంకోటి లేదు.

పిజ్జా దగ్గర మాత్రం నేను కఠినంగా ఉంటాను. గ్లూటెన్ ఫ్రీ క్రస్ట్ అని బోర్డు ఉంటుంది. డొమినోస్ 2012లో తెచ్చింది. కానీ అది మామూలు పిండి ఎగిరే వంటగదిలోనే చేస్తామని, సీలియాక్ ఉన్నవారికి సిఫారసు చేయమని ఆ కంపెనీయే రాసిపెట్టింది. 2019లో ఒక అధ్యయనం వచ్చింది. జేబులో పట్టే పరీక్ష యంత్రాలతో మామూలు జనం రెస్టారెంట్లలో చేసిన అయిదు వేలకు పైగా పరీక్షలను అందులో కలిపి చూశారు. గ్లూటెన్ ఫ్రీ అని పెట్టిన వంటకాల్లో దాదాపు మూడో వంతులో గ్లూటెన్ కనిపించింది. పిజ్జాల్లో సగానికి కాస్త పైగా. ఆ యంత్రం కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దు కంటే తక్కువ మోతాదును కూడా పట్టేస్తుంది, అనుమానం ఉన్నవాటినే జనం ఎక్కువ పరీక్షిస్తారు. కాబట్టి అంకెను అక్షరాలా నమ్మక్కర్లేదు. పిజ్జా పైవరుసలో ఎందుకుందో మాత్రం ఊహించవచ్చు. అదే ఓవెన్, అదే కట్టర్, అదే పిండి చేతులు.

ఎలా అడగాలన్నది ఇప్పుడు చెబుతాను, దీని కోసమే నిజానికి నేను వచ్చాను. "ఇది గ్లూటెన్ ఫ్రీనా?" అని అడగకండి. వరుసలో పదిమంది నిలబడి ఉంటే ఆ కుర్రాడు "యెస్" అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, ఆ ప్రశ్న అవునో కాదో కోరుతోంది, అతనికి అవును దగ్గరగా ఉంది. "ఈ ఫ్రైయర్‌లో ఇంకేం వేయిస్తారు?" అని అడగండి. "బన్స్ ఎక్కడ కాలుస్తారు?" అని అడగండి. ఇప్పుడతను వెనక్కి తిరిగి చూడాలి. చూసి "చికెన్ కూడా" అంటాడు. తెలియకపోతే మేనేజర్‌ని పిలుస్తాడు. రెండూ మనకు లాభమే. జవాబులో "బహుశా" వినిపిస్తే థాంక్స్ చెప్పి సోడా కొనుక్కుని బయటికి రండి.

సీలియాక్ అలర్జీ కాదని నేనే చెప్పాను. కౌంటర్ దగ్గర మాత్రం "గ్లూటెన్ అలర్జీ" అనే చెప్పండి. దీనికి మా వృత్తిలో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, ప్రజలకు తప్పు నేర్పుతున్నావంటారు. ఆరింటప్పుడు వైద్యపాఠం చెప్పే తీరిక మీకుండదు, వినే తీరిక అతనికీ ఉండదు. అలర్జీ అన్న మాటకు వాళ్లకు శిక్షణ ఉంది, ఆర్డర్ చీటీ మీద అది వేరుగా పడుతుంది. నాకు అది చాలు.

డ్రైవ్-త్రూ వద్దు. స్పీకర్‌లో మీ ప్రశ్న సగం వినపడదు, వెనక కారు హారన్ కొడుతుంది. లోపలికి నడిచి వెళ్లండి, మధ్యాహ్నం మూడింటప్పుడైతే మరీ మంచిది. వంట కనిపించే చోట నిలబడండి. ఇచ్చింది తప్పని తేలితే బన్ తీసేసి తిరిగి ఇచ్చేస్తారు, అది తీసుకోకండి, కొత్తది చేయించుకోండి. తప్పు బర్గర్‌ను మీ దగ్గరే ఉంచుకుని కొత్తది అడగడం ఇంకా మంచి పద్ధతి.

ఇక్కడ మనకు అడ్డుపడేది మొహమాటం. మళ్లీ అడిగితే ఏమనుకుంటారో, వెనక వాళ్లు విసుక్కుంటారేమో అని ఆగిపోతాం. గ్లవ్స్ మార్చమనడానికి నోరు రాక పక్కకి తప్పుకున్న తల్లిదండ్రులను చాలామందిని చూశాను, వాళ్లలో మాట చాతుర్యం ఉన్న మేనేజర్లు, లాయర్లు ఉన్నారు. మన పార్టీల్లో ఇది ఇంకో రూపంలో వస్తుంది. "ఒక్క ముక్క తింటే ఏమవుతుందిలే, నేను స్వయంగా చేశాను" అని ఆంటీ పూరీ చేతిలో పెడుతుంది. పిల్ల మీ మొహం చూస్తుంది. మీరు ఆంటీ మొహం చూశారనుకోండి, రేపు కౌంటర్ దగ్గర ఆ పిల్ల కూడా అలాగే చేస్తుంది.

అందుకని ఏడెనిమిదేళ్లు రాగానే ఆర్డర్ పిల్లల చేత చెప్పించండి. మీరు పక్కన నిలబడండి, అందించకండి. మొదట గొణుగుతారు. ఇంట్లో ఒకరు కౌంటర్ వెనక, ఒకరు ముందు నిలబడి నాటకమాడండి, కౌంటర్ వెనకున్నవాళ్లు కావాలని విసుక్కోవాలి. పిల్లలకు ఈ ఆట భలే ఇష్టం, ముఖ్యంగా నాన్న విసుక్కునే పాత్ర వేస్తే. హైస్కూల్‌కి వచ్చాక వాళ్లు స్నేహితుల కారులో వెళ్తారు, అప్పుడు మీరు పక్కన ఉండరు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ఒక తండ్రి: ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్తే రెస్టారెంట్ వాళ్లు ఒప్పుకోవాలా?

చాలా ఫాస్ట్ ఫుడ్ చోట్ల పట్టించుకోరండి. మిగతావాళ్లు కొంటుంటే అసలు అడగరు. పెద్ద రెస్టారెంట్లలో కొన్నిచోట్ల బయటి తిండి తేకూడదంటారు. వర్జీనియాలో 2017లో స్కూల్ ట్రిప్‌లో వెళ్లిన పదకొండేళ్ల పిల్లవాడిని, ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం లోపల తినవద్దని బయటికి పంపారు. కుటుంబం వికలాంగుల హక్కుల చట్టం కింద కోర్టుకు వెళ్లింది. కింది కోర్టు కొట్టేసింది. 2019లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును తిరగదోడి, ఇది జ్యూరీ తేల్చాల్సిన విషయమని వెనక్కి పంపింది. అంటే మీ అడగడంలో అర్థముందని చట్టం కూడా అంటోంది. ముందుగా ఫోన్ చేసి చెప్పడం మాత్రం తేలిక దారి.

ఒక పెద్దావిడ: అమ్మాయ్, వేసవికి వీళ్లు హైదరాబాద్ వస్తారు. ఇడ్లీ, దోశ బియ్యమే కదా, హోటల్లో పెట్టొచ్చా?

మంచి ప్రశ్న అడిగారు పిన్నిగారూ. ఇడ్లీ రవ్వతో చేసింది బియ్యమే, భయం లేదు. రవ్వ ఇడ్లీ బొంబాయి రవ్వ, అంటే గోధుమ, అది వద్దు. దోశ పిండి మంచిదే అయినా అదే పెనం మీద రవ్వ దోశ పోస్తారు. కరకరలాడాలని కొందరు పిండిలోనే రవ్వో మైదానో కలుపుతారు కూడా. పెసరట్టు సరే, ఉప్మా పెసరట్టు కాదు. వడ మినప్పిండే, కానీ ఆ మూకుట్లోనే మైసూర్ బోండా, పూరీ వేగుతాయి. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది కనుక అన్నిటికంటే నయం. ప్రసాదం సంగతి కూడా చెప్పాలి, అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, కళ్లకద్దుకుని మీరు తినండి. ఇక ఎవరూ అనుమానించనిది ఇంగువ. మార్కెట్లో దొరికే పొడి ఇంగువలో చాలావరకు మైదాయో గోధుమ పిండో కలుపుతారు. సాంబారు, చట్నీ పోపు, పులిహోర, అన్నిటిలోనూ అదే పడుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, డబ్బా వెనక చదివి ఇంట్లోకి అదే కొనండి. హోటల్లో మాత్రం వేడి ఇడ్లీ, నెయ్యి, ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి.

ఒక తల్లి: పెద్దమ్మాయికి సీలియాక్ తేలింది. చిన్నవాడికి ఏ బాధా లేదు. వాడికి కూడా ముందే గోధుమ మాన్పించేయమంటారా? ఇద్దరికీ ఒకేచోట ఆర్డర్ ఇవ్వడం తేలిక కదా.

తేలికేనమ్మా, కానీ ఇప్పుడే వద్దు. తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా రక్తపరీక్ష చేయించాలి, బాధ లేకపోయినా. ఆ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. మానేశాక చేస్తే ఉన్నా లేదని రావచ్చు. సోమవారం డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ రక్తపరీక్ష, పేరు టీటీజీ, అడగండి. అది అయ్యేదాకా వాడి బన్ వాడికి ఉండనివ్వండి, అక్క కంచానికి దూరంగా.